వానపాము చిత్తరువు

సింహమునకు సారనాథ స్తంభశీర్షమున స్థానము లభించినది. ఏనుగు అజంతా గుహలలో నిలిచినది. హంస రవివర్మ పటమున దమయంతికి ఎదుట నిలిచి మన ఇండ్ల గోడలకెక్కినది. పాము సైతము రావిచెట్టు మొదట నాగశిలయై పసుపు కుంకుమలు అందుకొనుచున్నది. చిత్రకారుని కుంచెకు గాని శిల్పి ఉలికి గాని బహుకాలము కానరాకుండ పోయిన ప్రాణి వానపాము. అది అందమైనది కాదు, భయంకరమైనదియు కాదు. తల యేదో తోక యేదో చూచువానికి వెంటనే తెలియదు. కన్నులు లేవు, చెవులు లేవు, కాళ్లు లేవు. ఇట్టి దానికి చిత్తరువు వ్రాయుటెట్లు?

అయినను 1881వ సంవత్సరమున, రెండు నెలలకు లోపుగనే, ఈ ప్రాణి ఒక మహాపండితుని గ్రంథమునకును, ఒక హాస్యపత్రికకును ఎక్కినది. ఆ రెండుచోట్లను దానిని గూర్చి ప్రకటింపబడిన పటములు చెప్పిన మాటలు ఒక్కటి కావు. అందులో ఏది లోకము మనస్సున నాటుకొన్నదో, దానివలన నేటివరకు మనకు కలుగుచున్న చిక్కు ఏమో విచారించుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

మొదట పేరును గూర్చి ఒక మాట. వర్షము పడగానే నేలపైకి వచ్చును గనుక, పామువలె ప్రాకును గనుక, మనము దీనిని వానపాము అంటిమి. పల్లెలలో ఎఱ్ఱ యను పేరు కూడ కలదు. అమరసింహుడు గండూపదమనియు, కించులకమనియు రెండు పేర్లు చెప్పెను. వైద్యగ్రంథములలో భూనాగమని వ్యవహారము. కడుపులోని పురుగులను సైతము మనవారు ఏలికపాములని పిలిచిరి. ఈ విధముగ పురుగునకు పాము పేరు పెట్టుట మన భాషకే చెల్లినది కాదు. ఆంగ్లమున నేడు పురుగునకు వాడబడు వర్మ్ అను మాటకు ప్రాచీనార్థము సర్పము, మహోరగము. ఇంగ్లండు ఉత్తరభాగమున లాంబ్టన్ వంశమువారిని గూర్చి ప్రచారములోనున్న కథలోని పురుగు, కొండను చుట్టలు చుట్టుకొని పశువులను మ్రింగిన ఘోరసర్పమే. రాను రాను ఆ మాట చిక్కి చిక్కి, చివరకు తోటలోని మట్టిలో దూరు అల్పప్రాణికి పేరై నిలిచినది.

ఐరోపాలో శాస్త్రజ్ఞులు కూడ చాలకాలము దీనియెడల శ్రద్ధ వహించినట్లు కనబడదు. లిన్నేయస్ 1758లో ప్రకటించిన తన సుప్రసిద్ధ గ్రంథపు పదవ కూర్పులో జంతులోకమును ఆరు తరగతులుగ విభజించి, చివరిదానికి పురుగులని పేరిడెను. అది తరగతి అనుటకంటె చిత్తుబుట్ట అనుట మేలు. నత్త, నక్షత్రమత్స్యము, పగడము, మరెచ్చటను ఇమడని ప్రాణులన్నియు అందు పడవేయబడినవి. దస్త్రములతో పని చేయువారికి ఇట్టి ‘ఇతరములు’ అను కట్ట ఎట్టిదో వేరుగ చెప్పనక్కర లేదు. 1793లో పారిస్ మ్యూజియమున కొత్తగ ఆచార్యపదవులు ఏర్పడినప్పుడు, కీటకములకును పురుగులకును సంబంధించిన పీఠము లామార్క్‌నకు దక్కినది. అంతవరకు వృక్షశాస్త్రమున పేరుపడిన ఆయన ఆ చిత్తుబుట్టను దులిపి, వెన్నెముక లేని జంతువులను ఒక పద్ధతిలో అమర్చెను.

చిత్రకారులలో ఈ అల్పప్రాణులను ఆదరించినవారు లేకపోలేదు. ఫ్రాంక్‌ఫర్టున జన్మించిన మరియా సిబిల్లా మేరియన్ అను వనిత పదుమూడవ యేట పట్టుపురుగులను పెంచుటతో ఆరంభించి, 1679లో గొంగళిపురుగుల రూపపరివర్తనమును గూర్చి గ్రంథము ప్రకటించెను. గ్రుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక, అవి తిను ఆకు – అన్నిటిని ఒకే పటమున చూపుట ఆమె మార్గము. ఏబది యేండ్లు దాటిన పిమ్మట కుమార్తెతో కూడి సముద్రము దాటి సురినాం అడవులకు పోయి, 1705లో మరియొక మహాగ్రంథమును వెలువరించెను. కాని ఆమె పురుగులు రేపటి సీతాకోకచిలుకలు. రెక్కలు రానున్నవి గనుక వానికి గౌరవము. ఎన్నటికిని రెక్కలు రాని వానపామునకు ఆ భాగ్యము లేదు.

సామాన్యజనులు చూచు పటములలోనన్ననో పురుగు భయమునకును జుగుప్సకును గుర్తుగనే ఉండెను. మధ్యయుగపు సమాధులమీద కొన్నింట చెక్కిన శవమూర్తులను పురుగులు తొలుచుచుండుట చూపబడినది. 1700లో పారిస్ వైద్యుడు నికోలస్ ఆండ్రీ మనుష్యశరీరమున పుట్టు పురుగులను గూర్చి వ్రాసిన గ్రంథము పొడవైన బద్దెపురుగు పటముతో చదువరులను బెదరించినది. 1828లో విలియం హీత్ అను వ్యంగ్యచిత్రకారుడు థేమ్స్ నది నీటిని గూర్చి ఒక రంగుల పటము వేసెను. అందులో ఒక దొరసాని సూక్ష్మదర్శినిలో నీటిచుక్కను చూచి, ఆ బిందువున ఈదులాడు వికృతప్రాణులకు హడలి చేతిలోని తేనీటి గిన్నెను జారవిడుచుచున్నది. లండను నగరవాసులు త్రాగు నీటి కల్మషమును నిందించుటకు అది ఆయుధముగ పనిచేసినది. ఆ పని మంచిదే. పురుగుకు మాత్రము అపకీర్తి మరికొంత పెరిగినది.

ఇట్టి స్థితిలో చార్లెస్ డార్విన్ వానపామును చేరదీసెను. 1837లో, బీగిల్ నౌకాయాత్రనుండి మరలివచ్చిన మరుసటి యేడు, ఆయన మేయర్ అను గ్రామమునకు మేనమామ జోసియా వెడ్జ్‌వుడ్ ఇంటికి పోయెను. కొన్నియేండ్ల క్రిందట పొలముమీద చల్లిన సున్నపుమన్ను, బొగ్గుకసువు ఇప్పుడు గడ్డి క్రింద కొన్ని అంగుళముల లోతున పొరగా పడియున్నవనియు, ఇది వానపాముల పనియై యుండుననియు మేనమామ చూపెను. ఆ మాట పట్టుకొని డార్విన్ ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన లండను భూగర్భశాస్త్రసంఘమున ఒక వ్యాసము చదివెను. (1839లో ఆ మేనమామ కూతురు ఎమ్మానే ఆయన పెండ్లాడెను. మేనరికము మనవారికి వింత కాదు గాని, మామగారి నుండి కట్నముగ శాస్త్రవిషయమును ముందుగనే పుచ్చుకొన్న అల్లుడు అరుదు.)

అక్కడనుండి నలువదినాలుగేండ్లు ఆ విషయము ఆయనను విడువలేదు. 1869లో ఫిష్ అను తోటపని నిపుణుడు, అంత అల్పమైన, బలహీనమైన ప్రాణులు అంత పని చేయజాలవని ఆక్షేపించెను. డార్విన్‌నకు ఈ ఆక్షేపణయే ముఖ్యమని తోచినది. చిన్న కారణము మరల మరల జరిగినచో ఎంత ఫలితము కూడునో లెక్క వేయలేకపోవుటయే మనుష్యబుద్ధికి గల పెద్ద లోపమని ఆయన భావము. కావున వానపాములను మట్టికుండలలో పెట్టి తన గదిలోనే ఉంచుకొని, రాత్రులు దీపము పట్టుకొని పరీక్షించెను. కుమారుడు బసూన్ వాయించెను, ఇల్లాలు పియానో వాయించెను, వానపాములు చలింపలేదు. కుండలను పియానో మీద పెట్టి ఒక్క స్వరము మీటగానే అవి బొరియలలోనికి దూరినవి. చెవిటివే గాని కంపము నెరుగునని తేలినది. కాగితమును సన్నని త్రికోణములుగ కత్తిరించి వేసి, వానిని ఏ కొసనుండి పట్టుకొని లోనికి లాగుకొనునో లెక్క పెట్టెను. సులువుగ దూరు మొననే అవి ఎక్కువసారులు ఎన్నుకొనుట చూచి, వీనికి ఏదో ఒక మేరకు బుద్ధి కలదని వ్రాయుటకు ఆయన సంకోచింపలేదు.

1881 అక్టోబరు 10వ తేదీన గ్రంథము వెలువడినది. ఇంగ్లండులోని అనేకప్రాంతములలో ఒక్కొక్క ఎకరమునందు ఏటేట 10 టన్నులకు మించిన మన్ను వానపాముల దేహములగుండ పోయి నేలపైకి వచ్చుచున్నదని అందు లెక్క కట్టబడినది. పాత రోమన్ భవనముల గచ్చులు, స్టోన్‌హెంజి వద్ద కూలిన బండలు క్రమముగ నేలలో దిగిపోవుటకును ఇదియే కారణమని చూపబడినది. డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు వానపాములను గూర్చి వ్రాసిన ఈ పుస్తకము కొన్ని వారములలోనే వేలకొలది ప్రతులు అమ్ముడుపోవుట ప్రచురణకర్తకే ఆశ్చర్యము గొలిపియుండును.

ఇక ఈ గ్రంథములోని పటములను చూడుడు. వానపాములను గూర్చిన గ్రంథమున వానపాము చిత్తరువు లేదు! మొదటి పటము దాని జీర్ణనాళమును చూపు రేఖాచిత్రము. అదియు మరియొకరి వ్యాసమునుండి తీసికొన్నది. తక్కినవానిలో పెక్కు నేలను నిలువుగ కోసి చూపిన పొరల పటములు – ఇచట గడ్డి, దాని క్రింద నల్లమన్ను, దాని క్రింద బొగ్గుకసువు అని. మిగిలినవి వానపాములు వెడలగ్రక్కిన మట్టికుప్పల పటములు. డార్విన్‌నకు కావలసినది ఆ ప్రాణి రూపము కాదు, అది చేసిన పని.

ఆ మట్టికుప్పలలో రెండు మన దేశమునకు చెందినవగుట మన పాఠకులకు విశేషముగ తోచగలదు. ఒకటి కలకత్తా సస్యోద్యానమునందలిది. చిన్న గోపురమువలె నిలిచియున్నది. రెండవది నీలగిరులనుండి వచ్చినది. రెండును ఛాయాచిత్రములనుండి నిజప్రమాణమున చెక్కబడినవి. నీలగిరులపై డాక్టరు కింగ్ సేకరించి పంపిన కుప్పలలో మిక్కిలి పెద్దది ఎండిన తరువాత తూచినను 4 ఔన్సులకు మించినది. కలకత్తా విషయములను పరిశీలించి పంపినవాడు జాన్ స్కాట్. ఇతడు ఎడింబరోలో తోటపనివాడుగ నుండి, పుష్పముల సంయోగమును గూర్చి తాను చేసిన పరీక్షలను డార్విన్‌నకు వ్రాసి, ఆయన మన్ననకు పాత్రుడయ్యెను. ఆయన సాయముతోనే 1864లో భారతదేశమునకు వచ్చి సస్యోద్యానమున ఉద్యోగి అయ్యెను. గ్రంథము అచ్చగుటకు ముందు యేడే, 1880లో, అతడు చనిపోయెను. పెద్ద పదవి లేని ఉద్యోగి, తన నిత్యకృత్యము ముగించుకొని తోటలోని మట్టికుప్పలను కొలుచుచుండుటను తలచుకొనిన, శాస్త్రచరిత్ర యనునది ఎందరి చేతులమీదుగ నడచినదో తెలియును.

ఆ ఉద్యానము హుగ్లీ తీరమున శివపూరులో కలదు. 2009నుండి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేర వెలయుచున్నది. సామర్లకోటలో పండ్రెండేండ్లు ఉండి, తెలుగుసీమ మొక్కలను మన చిత్రకారులచేత వ్రాయించిన రాక్స్‌బర్గ్ 1793లో ఇచటికే అధ్యక్షుడై పోయి, వేలకొలది వృక్షచిత్రములను సిద్ధపరచెను. ఆ చిత్రకారుల పేర్లలో పెక్కు నేడు తెలియవు. మొక్కలకు ఇంతటి చిత్రసంపద సమకూడిన ఆ తోటలోనే, మొక్కల వేళ్లకు మన్ను సిద్ధపరచు ప్రాణికి దాని మట్టికుప్ప యొక్కటియే పటమెక్కుట దక్కినది. అది దాని ముఖము కాదు. చేతులు లేని ప్రాణి చేవ్రాలు.

పండితుడు ఖాళీగ విడిచిన చోటును హాస్యచిత్రకారుడు పూరించెను. లండనులో 1841లో స్థాపితమైన పంచ్ పత్రిక అప్పటికి మన దేశమున కూడ పేరెన్నికగన్నదే. దాని నమూనాపై 1877లో లక్నోలో అవధ్ పంచ్ అను ఉర్దూపత్రిక బయలుదేరియుండెను. పంచ్ చిత్రకారులలో లిన్లీ శాంబోర్న్ గీత నాణ్యమునకు ప్రసిద్ధుడు. డార్విన్ గ్రంథము వెలువడిన పండ్రెండవ నాడు, అక్టోబరు 22వ తేదీ సంచికలో ఇతడు డార్విన్ వ్యంగ్యచిత్రమును ప్రకటించెను. గడ్డపు వృద్ధుడు ఆలోచనలో మునిగి కూర్చుండగా, ఎదుట ఒక వానపాము మెలిదిరిగి ప్రశ్నార్థకచిహ్నమై నిలిచినది. ముఖము లేని ప్రాణికి ఒక భావమును కల్పించుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము నాకు తోచుట లేదు.

డిసెంబరులో వెలువడిన 1882వ సంవత్సరపు పంచ్ పంచాంగమున శాంబోర్న్ వేసిన రెండవ పటము మరింత పెద్దది. దాని పేరు ‘మనుష్యుడు పురుగు మాత్రమే’. క్రింద మూలను ‘అవ్యవస్థ’ అను అర్థముగల ఆంగ్లపదపు అక్షరములు పగిలి ఒరిగియున్నవి. వాని నడుమనుండి వానపాము వెలువడుచున్నది. అది పైకి ప్రాకుచు సుడి తిరుగుచు తల తెచ్చుకొనును, చేతులు తెచ్చుకొనును, కోతియగును, వాలిడిచిన వానరమగును, దుడ్డుకఱ్ఱ పట్టిన గుహావాసియగును. చివరకు పొడవాటి టోపీ ధరించిన లండను దొరయై, టోపీ ఎత్తి వందనము చేయును. వందనము ఎవరికి? సుడి నడుమ వస్త్రము కప్పుకొని, మైఖేలాంజిలో కుడ్యచిత్రమునందలి సృష్టికర్తవలె ఆసీనుడైన డార్విన్‌నకు. వెనుక కాలమానమని వ్రాసియున్న పెద్ద చక్రము.

పటము పేరు క్రైస్తవులకు క్రొత్తది కాదు. బైబిలులోని కీర్తనలయందు భక్తుడు తాను పురుగునని చెప్పుకొనుటయు, యోబు గ్రంథమందు మనుష్యుడు పురుగని చెప్పుటయు కలవు. మన భక్తులును తమ్ము క్రిమికీటకములతో పోల్చుకొనినవారే. దేవుని ఎదుట వినయముగ పలికిన మాటను శాంబోర్న్ వంశావళిగ మార్చెను. నవ్వు అందు కలదు. గీతలోని నేర్పును నేను మెచ్చుకొందును. పురుగునకు వానరమునకు నడుమ ఎక్కడ ఒకటి ముగిసి మరియొకటి ఆరంభమైనదో కన్ను పట్టలేదు.

ఆ నేర్పే చిక్కు తెచ్చినది. డార్విన్ వానపాముల గ్రంథమున మనుష్యోత్పత్తి ప్రసంగమే లేదు. ఆ విషయమును ఆయన 1871లో వేరు గ్రంథమున చర్చించెను. శాంబోర్న్ రెండు గ్రంథములను ముడివేసి ఒక నిచ్చెన కట్టెను. డార్విన్ భావమున ఉన్నది నిచ్చెన కాదు, చెట్టు. 1837లో, వానపాముల వ్యాసము చదివిన ఆ యేడే, ఆయన తన నోటుపుస్తకమున కొమ్మలు చీలు ఒక చిన్న చెట్టు బొమ్మ గీసికొనెను. 1859నాటి జాతుల ఉత్పత్తి గ్రంథము మొత్తమునకు ఉన్న పటము ఒక్కటే. అదియు కొమ్మలు చీలు రేఖాచిత్రమే. వానపాము మన తాతముత్తాతలలో లేదు. 50 కోట్ల యేండ్లకు పూర్వమే మన కొమ్మయు దాని కొమ్మయు విడిపోయినవి. అది ఆగిపోయిన మనుష్యుడు కాదు. తన మార్గమున తాను మన యంత దూరము నడచివచ్చినదే.

ఇది పండితుల సూక్ష్మచర్చ యని త్రోసిపుచ్చరాదు. మనుష్యుడు కోతినుండి పుట్టినచో కోతులు ఇంకను ఎందుకున్నవని మన కార్యాలయములలో మధ్యాహ్నవిరామమున పట్టభద్రులే అడుగుట వినుచున్నాము. ఈ ప్రశ్న నిచ్చెన బొమ్మకు పుట్టిన బిడ్డ. చెట్టు బొమ్మ కన్నులయెదుట ఉన్నచో ఇది పుట్టదు. పినతండ్రి బిడ్డలు బ్రదికియుండగా మనమెట్లు పుట్టితిమని ఎవరైన అడుగుదురా? అంతకంటె కీడు మరియొకటి కలదు. నిచ్చెనయందు పైమెట్టు, క్రిందిమెట్టు ఉండును. జంతువులను అట్లు నిలువబెట్టుటకు అలవడిన కన్ను మనుష్యజాతులను కూడ అట్లే నిలువబెట్టుటకు వెనుదీయలేదు. శాంబోర్న్ పటమున గుహావాసి పైన నిలిచిన నాగరికుడు లండను దొరయే యగుట గమనింపదగినది. అతడు తన వారినే ఎగతాళి చేసెనని ఒప్పుకొందును. కాని ఎగతాళి మాసిపోయి మెట్ల వరుస మిగిలినది. 1965లో అమెరికాలో టైమ్–లైఫ్ వారి పుస్తకమునకు రుడాల్ఫ్ జల్లింగర్ వేసిన పటమున వానరమునుండి మనుష్యుని వరకు ఒకరి వెనుక ఒకరు నడచు వరుస మరల కనబడినది. అప్పటినుండి ఆ వరుసను అనుకరించిన ప్రకటనలకును పరిహాసచిత్రములకును లెక్క లేదు.

డార్విన్ 1882 ఏప్రిల్ 19న మరణించెను. పంచ్ పంచాంగపు సంవత్సరము అప్పటికి నాలుగు నెలలు కూడ నిండలేదు.

ఆ చలికాలముననే, 1881 నవంబరులో, జర్మను శాస్త్రజ్ఞుడు హెకెల్ బొంబాయిలో దిగి, అచటినుండి సింహళమునకు సముద్రప్రాణులను పరిశీలింపబోయెను. అతడు 1899 మొదలు 1904 వరకు ప్రకటించిన నూరు పటములలో ఒకటి సముద్రపు పురుగులది. ఆ పటమున వాని ముళ్లు, ఈకలవంటి మొప్పలు ఆభరణములవలె ప్రకాశించుచున్నవి. పురుగు తొలిసారి అందమునకు పోటీకి నిలిచినది. మట్టిలోని చుట్టము మాత్రము అప్పుడును బయటనే ఉండెను.

దానికి నిజమైన చిత్తరువు దొరకినది మన దేశముననే యని చెప్పుటకు నాకు సంతోషముగనున్నది. లక్నో విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడైన కరమ్ నారాయణ్ బహ్ల్ 1926లో భారతీయ జంతుశాస్త్ర గ్రంథమాలకు మొదటి కుసుమముగ ఫెరిటిమా యను వానపామును ఎన్నుకొనెను. అంతవరకు మన విద్యార్థులు ఐరోపా వానపాము పటము చూచి, ఇచటి వానపామును కోసి, రెండును సరిపడక తికమకపడుచుండిరి. డార్విన్ కాలమున పెరికీటా యని పిలువబడి, కలకత్తా మట్టిగోపురములకు కర్తగ భావింపబడిన గుంపునకు చెందినదే ఈ ఫెరిటిమా. నేటి శాస్త్రజ్ఞులు దీనిని మెటాఫైర్ యని మరల పేరు మార్చినారు. బహ్ల్ దాని దేహమును కట్టు కట్టుగ విప్పి చూపెను.

ఆ గ్రంథమునందలి పటములు పాఠ్యపుస్తకములకు, పాఠ్యపుస్తకములనుండి విద్యార్థుల రికార్డు పుస్తకములకు దిగినవి. కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు జంతుశాస్త్రము చదివిన ప్రతి బాలుడును బాలికయు హెచ్.బి. పెన్సిలు చెక్కుకొని ఆ బొమ్మను వేసినవారే. మన సంఘసభ్యుల ఇండ్లలో పాత పెట్టెలు వెదకినచో అట్టి పుస్తకములు కొన్ని నేటికిని దొరకవచ్చును. పదునాలుగవ కట్టునుండి పదునారవ కట్టు వరకు మందమైన పట్టీ. నోటినుండి చివరి వరకు నిలువుగ జీర్ణనాళము. కుడివైపున స్కేలు పెట్టి గీసిన గీతలు, వాని కొనలయందు ముత్యాలవంటి అక్షరములతో భాగముల పేర్లు. క్రింద ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా సంతకము, తేదీ.